పాత పద్దు, కొత్త పుస్తకం

ఇల్లు మారినవాళ్ళందరికీ ఒక సంగతి అనుభవమే. గిన్నెలూ, మంచాలూ, పరుపులూ లెక్కపెట్టి బండి ఎక్కిస్తాం. కొత్త ఇంట్లో దింపుకుని మళ్ళీ లెక్క చూసుకుంటాం. ఒక్క గరిటె తగ్గినా ఆ పూటంతా గోలే. అయితే పాత ఇంటి వంటగది గోడమీద బొగ్గుతో గీసుకున్న పాల లెక్క మాత్రం బండి ఎక్కదు. గుమ్మం పక్కన పిల్లలు ఏటేటా ఎంత పొడుగయ్యారో పెన్సిలుతో పెట్టిన గీతలూ ఎక్కవు. వాటిని సామాను కింద ఎవరూ జమకట్టలేదు మరి. తరువాత ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళు గోడలకు సున్నం వేయించేస్తారు.

ఈ వారం చెప్పదలచుకున్నది ఇలాంటి మార్పిడి గురించే. కాకపోతే మారేది ఇల్లు కాదు, కంప్యూటరులో రాసిపెట్టుకున్న పనుల చిట్టా. "అబ్బే, కంప్యూటరు గొడవ మనకెందుకు" అని సీరియల్ పేజీకి వెళ్ళిపోకండి. మా తల్లాడలోనే హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఈ పనిమీద కూర్చున్న పిల్లలు గల ఇళ్ళు ఎన్నో వున్నాయి. వాళ్ళు ఫోనులో "ఈ వారం మైగ్రేషన్ వుందమ్మా, తరువాత మాట్లాడతా" అంటే, అదేదో తలనొప్పి పేరనుకుని అమృతాంజనం రాసుకోమన్న తల్లి ఒకావిడ నాకు తెలుసు. ఆవిడ మరీ అంత పొరపడిందనీ అనలేను.

ముందు ఆ చిట్టా ఏమిటో చెబుతాను. పెళ్ళి కుదిరిన ఇంట్లో ఒక నోటుబుక్కు పెడతారు చూడండి. పందిరి పని పెదబాబాయిది, గడువు పదో తారీకు. శుభలేఖలు పంచవలసింది మేనల్లుళ్ళిద్దరూ. వంటవాళ్ళకు బయానా ఇచ్చారు, మిగతా సొమ్ము బాకీ. ఒక్కో పని ఎదుట ఒక టిక్కో, ఒక ప్రశ్నార్థకమో వుంటుంది. అంచున "వదినగారికి చీర రంగు నచ్చలేదు, మార్చాలి" అని ఒక ముక్క ఇరికించి వుంటుంది. ఇప్పుడు ఐదువందల మంది కలిసి నాలుగేళ్ళపాటు ఒకే పెళ్ళి చేస్తున్నారనుకోండి. ఆ నోటుబుక్కు ఏ మూలకు? దాని బదులు వాడేదే ప్రాజెక్టు మేనేజిమెంటు సాఫ్ట్‌వేరు. అందులో ప్రతి పనికీ ఒక నంబరు. ఆ పని ఎవరిది, ఎప్పటికి కావాలి, ఎంతవరకు వచ్చింది, దానికి ముందు ఇంకే పని తెమలాలి అన్నవి గళ్ళల్లో వుంటాయి. గళ్ళ కింద ఆ పని గురించి నడిచిన మాటలన్నీ, ఎవరు ఏ రోజున అన్నారో సహా వుంటాయి.

మరి నిక్షేపంలా నడుస్తున్న పుస్తకాన్ని మార్చడం ఎందుకు? ఇష్టపడి మారేవాళ్ళు కొందరు, మారక తప్పనివాళ్ళు కొందరు. జిరా అని ఒక సాఫ్ట్‌వేరు వుంది. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ కంపెనీ 2002లో తెచ్చింది. పేరు విని జీలకర్ర అనుకునేరు! జపాను సినిమాల్లోని గాడ్జిల్లా అనే భూతాన్ని అక్కడివాళ్ళు గోజిరా అంటారు, దానికి తల తీసేసి ఈ పేరు పెట్టారు. దీన్ని కంపెనీలు తమ సొంత సర్వర్లలో పెట్టుకుని వాడుకునే రకం ఒకటి వుండేది. దానికి 2024 ఫిబ్రవరి 15తో మద్దతు ఆపేశారు. ఆ మాట 2020 అక్టోబరులోనే చెప్పారు కనుక అన్యాయం అనడానికి లేదు. పివటల్ ట్రాకర్ అనే మరొకటి 2025 ఏప్రిల్ 30న మూతపడింది. ఇంటి పనులకు కూడా చాలామంది వాడుకున్న వండర్‌లిస్ట్ 2020 మే 6న వెళ్ళిపోయింది. మైక్రోసాఫ్టువారు తమ ప్రాజెక్ట్ ఆన్‌లైన్‌కు 2026 సెప్టెంబరు 30 ఆఖరు రోజని ప్రకటించారు. ఇంటివారు ఖాళీ చేయమన్నట్టే ఇదీను. గడువులోగా సర్దుకోవాలి.

మా అన్నయ్య కొడుకు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తాడు. కంపెనీ పేరు మనకు అనవసరం. ఆసుపత్రులకు కావలసిన సాఫ్ట్‌వేరు తయారుచేస్తారు. మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చాడు గాని, ఒళ్ళో లాప్‌టాప్ దించితేనా! వాళ్ళ పనుల చిట్టాను ఒక సాఫ్ట్‌వేరు నుంచి మరొకదానికి చేర్చే బాధ్యత వాడి నెత్తిన పడింది. ఆరేళ్ళ పద్దులు.

వాళ్ళల్లో పద్ధతి ఏమంటే, మొత్తం ఒక్కసారి ఎత్తి పోయరు. ముందు యాభై పనులు మచ్చుకు మార్చి చూస్తారు. అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు పట్టి చూసినట్టు. భోగినాడు పొద్దున్న ఆ మచ్చు తీశాడు. అక్కడ యాభై, ఇక్కడ యాభై, లెక్క సరిపోయింది. "అయిపోయిందత్తయ్యా" అంటూ అరిసె తీసుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి సగం అరిసె చేతిలోనే వుంది, మనిషి మాత్రం తెర వంక గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"ఈ యాభై పనులూ నేనే చేసినట్టు వచ్చిందత్తయ్యా."

విషయమేమంటే, ఆరేళ్ళల్లో కంపెనీ వదిలి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది. వాళ్ళకు కొత్త సాఫ్ట్‌వేరులో ఖాతాలు లేవు. ఖాతా లేని మనిషి పేరు ఎక్కడ వేయాలో యంత్రానికి తెలియదు. అందుకని మార్పిడి చేస్తున్నది ఎవరో వాళ్ళ పేరు వేసేసింది. తారీకూ అంతే. ఎప్పుడెప్పుడో ఎవరెవరో అన్న మాటలన్నీ భోగి పండుగ నాడు ఒక్క గడియలో మావాడే అన్నట్టు కూర్చున్నాయి. పొగడ్తలూ వాడివే, తిట్లూ వాడివే. వాడే ప్రశ్న అడిగి, వాడే జవాబు చెప్పి, వాడే తనకు ధన్యవాదాలు చెప్పుకున్నట్టు వుంది. నాకు నవ్వాగలేదు.

వాడికి మాత్రం నవ్వు రాలేదు. ఆ యాభైలో ఒక పద్దు చూపించాడు. నాలుగేళ్ళ కిందటిది. పసిపిల్లల బరువునుబట్టి మందు ఎంత ఇవ్వాలో లెక్కకట్టే భాగం. అందులో భిన్నం వచ్చినచోట దగ్గరి అంకెకు సరిచేయకూడదు, ఉన్నదున్నట్టే వుంచాలి అని అప్పట్లో అక్కడ పనిచేసిన ఒక అమ్మాయి రాసింది. ఆసుపత్రిలో మందులు చూసే ఆయనతో మాట్లాడి, కారణం వివరంగా రాసి, ఆయన ఇచ్చిన పట్టిక కాగితం కూడా జతచేసింది. పని పూర్తయింది, పద్దు మూసేశారు. తరువాత ఆ అమ్మాయి ఉద్యోగం మారి వెళ్ళిపోయింది. కొత్త పుస్తకంలో ఆమె మాటలు మావాడి పేరుమీదికి వచ్చాయి. కాగితం అసలు రాలేదు.

పెద్దవాళ్ళకు అర చుక్క మందు తేడా ఒక తేడాయే కాదు. మూడు కిలోల బిడ్డకు అలా కాదు గదా. రేపు కొత్తగా చేరిన కుర్రవాడెవరో ఆ లెక్క చూసి, "ఇదేమిటి, ఇంత పొడుగు భిన్నం అసహ్యంగా వుంది, సరిచేద్దాం" అనుకుంటాడు. ఎందుకలా వుందో తెలుసుకుందామని పాత పద్దు వెతుకుతాడు. దొరికితే చేయి ఆపుకుంటాడు. దొరక్కపోతే?

ఇంతకంటె పెద్ద చిక్కు ఇంకోటి. వాళ్ళ పైఅధికారి, మూసేసిన పద్దులు అసలు తేవద్దన్నాడట. నడుస్తున్న పనులు తెస్తే చాలు, పాత చెత్త ఎందుకు, ఖర్చు తగ్గుతుంది అని. ఆయన మాటలోనూ సబబు లేకపోలేదు. ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లన్నీ మోసుకుపోతామా? అయితే చెత్త ఏదో, దస్తావేజు ఏదో విడదీసేదాకా రెండూ కాగితాలే. ఈ మందు లెక్క పద్దు మూసేసిన వాటిలోదే.

అంతవరకూ వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని వున్న మావారు అప్పుడు నోరు విప్పారు. ఆయన తాసీలు కచేరీలో పనిచేసి రిటైరయిన మనిషి. "ఒరేయ్ అబ్బాయ్, నీ కొత్త పుస్తకంలో అనుభవదారు గడి వుందా?" అని అడిగారు.

మేనల్లుడు తెల్లబోయి నా వంక చూశాడు. పట్నంలో పెరిగిన పిల్లవాడు, వాడికేం తెలుసు! ఈ ప్రాంతం కాని పాఠకులకోసం నేను చెబుతాను. తెలంగాణలో పొలం లెక్క రాసే పుస్తకాన్ని పహాణీ అంటారు. 1954–55లో రాసిన ఖాస్రా పహాణీని ఇప్పటికీ మూల పత్రంగా చూస్తారు. ఆ పద్దుల్లో పట్టాదారు ఎవరు అన్నది ఒక గడి, నేలమీద వుండి సాగు చేస్తున్నది ఎవరు అన్నది మరో గడి. ఈ రెండోదే అనుభవదారు గడి. సాదా కాగితంమీద కొనుక్కుని దున్నుకుంటున్నవాళ్ళూ, కౌలుదారులూ కనిపించేది అక్కడే. 2020 అక్టోబరు 29న ధరణి అనే కంప్యూటరు పద్ధతి వచ్చినప్పుడు పట్టాదారు వచ్చాడు గాని అనుభవదారు గడి రాలేదు. తగాదాలకూ లంచాలకూ ఆ గడే మూలమని తీసేసినవారి వాదం. గడి తీసేస్తే నేలమీద వున్న మనిషి ఏమైనట్టు అని తక్కినవారి వాదం. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. కొత్త చట్టంలో ఆ గడికి మళ్ళీ చోటిచ్చారు. భూభారతినీ ఒక్కసారిగా రాష్ట్రమంతటా పెట్టలేదు. ముందు నాలుగు మండలాల్లో మచ్చు చూశారు. అందులో ఒకటి మా ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. మా మేనల్లుడి యాభై పనులవంటిదే అదీను.

"గడి పెట్టకపోతే యంత్రం తప్పు చెప్పదురా" అన్నారు మావారు. "లేదని కూడా చెప్పదు. ఊరుకుంటుంది. చూసేవాడు అసలు లేదేమో అనుకుంటాడు."

ఇక ఆయనకు వూపు వచ్చింది. మా తల్లాడ అడ్డరోడ్ల వూరు. వైరా మీదుగా ఖమ్మం వెళ్ళే దారి ఒకటి, సత్తుపల్లి మీదుగా గోదావరి జిల్లాలకు పోయేది ఒకటి, కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవులకు పోయేది ఇంకొకటి. మేము నిజాం ఏలుబడిలోని వాళ్ళం, భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో గోదావరి జిల్లాది. అది 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. ఆ తాలూకాలోని చింతూరు, కూనవరం 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఇటు పహాణీ అంటే అటు అడంగల్. ఇటు ఎకరాలూ గుంటలూ, అటు ఎకరాలూ సెంట్లూ. ఎకరానికి గుంటలు నలభై, సెంట్లు నూరు.

"2.20 అని రాసి వుందనుకో" అన్నారు మావారు. "మా లెక్కన అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరం. అటువైపు గుమాస్తా దాన్ని రెండెకరాల ఇరవై సెంట్లని చదివాడా, రైతుకు ముప్పై సెంట్లు ఎగిరిపోయినట్టే. అంకె ఒక్కటీ మారలేదు చూశావా! పుస్తకం పక్కన పుస్తకం పెట్టి అంకెలు సరిచూసినా దొరకదు."

ముప్పై సెంట్లంటే పన్నెండు గుంటలు. మిరప తోటకు అదెంతో తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

నిజానికి ఇది చదువుకున్న మహామహులకూ జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారక గ్రహానికి పంపిన ఒక నౌక 1999 సెప్టెంబరు 23న అక్కడికి చేరీ చేరగానే అయిపు లేకుండా పోయింది. ఒక సాఫ్ట్‌వేరు పౌండ్ల కొలతలో లెక్క ఇస్తే, రెండోది దాన్ని మెట్రిక్ కొలత అనుకుని పుచ్చుకుంది. అక్కడా అంకెలు సరిగానే వున్నాయి.

మేనల్లుడు గబగబా లాప్‌టాప్ తెరిచాడు. వాళ్ళ పాత చిట్టాలో "ఎంత సేపు పడుతుంది" అన్న గడిలో 2 అంటే రెండు రోజులు. కొత్తదానిలో 2 అంటే రెండు గంటలు. పండుగ తరువాత మనుషులంతా రెండు రోజుల పని రెండు గంటల్లో ఎందుకు తెమల్చలేదని సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది, పాపం.

స్టేటస్ గడి సంగతి ఇంకా విచిత్రం. పాతదానిలో ఏడు రకాలు, కొత్తదానిలో మూడే: చేయాలి, చేస్తున్నాం, అయింది. "డాక్టరుగారి ఆమోదం కోసం ఆగింది" అన్న పనిని ఈ మూడింటిలో ఎక్కడ పెడతారు? చేస్తున్నాం అంటే ఎవరూ చేయడంలేదు. అయింది అంటే కాలేదు. చేయాలి అంటే ఎవరో మొదటినుంచీ మళ్ళీ మొదలుపెడతారు. కొత్తదానిలో నాలుగో రకం కల్పించుకునే వీలు వుందట. బద్ధకించకుండా కల్పించుకోవాలి, అంతే. ఇలా ఇక్కడి ప్రతి గడీ అక్కడ ఏ గడికి పోతుందో ముందే కాగితంమీద రాసుకోవడాన్ని వాళ్ళు మ్యాపింగ్ అంటారు. ఈ పనిలో సగం రోజులు దానికే పోతాయనీ, పోవాలనీ మావాడి మాట. మిగిలింది మీట నొక్కడమే.

నంబర్లు కూడా మారతాయి. మనలో చాలామందికి ఇది తెలుసు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ తరువాత బ్రాంచిల ఐఎఫ్‌ఎస్‌సి నంబర్లు మారాయి. డబ్బు డబ్బులాగే వుంది గాని, పాత నంబరు రాసి ఇచ్చిన చోటల్లా వెళ్ళి కొత్తది చెప్పుకోవలసి వచ్చింది. పనుల చిట్టాలోనూ అంతే. "దీని కారణం 412వ పద్దులో చూడుము" అని ఒకరు రాసి వుంటారు. కొత్త పుస్తకంలో 412 ఇంకేదో అవుతుంది. అందుచేత పాత నంబరును పారేయకుండా ఒక గడిలో అంటిపెట్టుకుని తేవాలి.

కనుమనాడు మావాడు పైఅధికారికి పెద్ద జాబు రాశాడు. నాకు చదివి వినిపించాడు. ఉద్యోగంలో వున్న పిల్లలు పైవాళ్ళకు ఇంత సూటిగా రాయవచ్చునా అని నాకు గుండె పీచుపీచుమంది గాని, మావారు మాత్రం ఒక్క అక్షరం మార్చవద్దన్నారు. ఖర్చు గురించి ఏమీ వాదించలేదు వాడు. మందు లెక్క పద్దును పాతదానిలో ఎలా వుందో, కొత్తదానిలో ఎలా వచ్చిందో రెండు బొమ్మలు తీసి పక్కపక్కన పెట్టాడు. ఇది చదివి పాత కారణం కనుక్కోగలరేమో చూడండి అని అడిగాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. మూసేసిన పద్దులు కూడా తెమ్మన్నారు. మూడు రోజులు ఎక్కువ ఇచ్చారు.

పేర్ల సంగతికి ఇలా దారి చేసుకున్నాడు. ఖాతా లేనివాళ్ళ మాటలు ఎలాగూ వాడి పేరుమీదే వస్తాయి కనుక, ప్రతి మాటకూ ముందు "ఇది ఫలానావారు ఫలానా తారీకున రాసినది" అని ఒక వరుస చేర్చేలా యంత్రానికి చెప్పాడు. చూడటానికి అంత సొగసుగా వుండదు, కాని మనిషి పేరు నిలిచింది. మార్పిడి అయినాక లెక్క సరిపోయిందని వూరుకోకుండా, ఏ పని ఎవరు చేశారో వాళ్ళ చేతనే తమ పద్దులు పది చొప్పున తెరిపించి చదివించాలని పెట్టాడు. ఇది మావారి సలహా. పొలం హద్దులు సర్వేయరుకంటె పక్క చేనివాడు చెప్పడమే మేలంటారు ఆయన. దీనితో నేను పూర్తిగా ఏకీభవించను, పక్క చేనివాడికి పక్క చేనివాడి దురాశ వుంటుంది. కాని ఆఫీసు పనుల్లో ఈ పద్ధతి బాగానే నడిచిందట.

ఇక మిగిలింది ఆ పట్టిక కాగితం. పాత సాఫ్ట్‌వేరులో వెతికితే అక్కడా కాగితం లేదు, దాని చిరునామా మాత్రమే వుంది. ఆ చిరునామాలోని కొట్టు ఎప్పుడో మూసేశారు. అంటే ఇది ఇప్పటి మార్పిడిలో పోయినది కాదు, అంతకుముందు మార్పిడిలోనే పోయింది. ఇన్నాళ్ళూ ఎవరూ తెరిచి చూడలేదు కనుక తెలియలేదు. మావాడు ఆ అమ్మాయి ఎక్కడుందో కనుక్కుని ఫోను చేశాడు. ఆమె ఇప్పుడు వేరే వూళ్ళో వేరే కంపెనీలో వుంది. నాలుగేళ్ళ కిందటి పని అడిగితే విసుక్కుంటుందేమో అనుకున్నాను. ఏ ఆసుపత్రి, ఏ విభాగం, ఎవరిని అడిగితే మళ్ళీ ఇస్తారు అన్నీ గడగడా చెప్పిందట. అంతా విని ఆఖరున, "నా పేరు ఇంకా వుందా అందులో?" అని అడిగిందట.

"వుంది" అన్నాడట మావాడు. అప్పటికి వుంది మరి.

వాళ్ళ పాత సాఫ్ట్‌వేరుకు అద్దె మార్చి నెలాఖరుదాకా కట్టి వుంది. కొత్తగా ఏమీ రాయడానికి వీల్లేకుండా, చదువుకోవడానికి మాత్రం తెరిచి వుంచారు. తమ పద్దుల్లో ఏదైనా తగ్గిందనుకున్నవాళ్ళు ఈలోగా పాతదానితో సరిచూసుకుని చెప్పవలసిందని ఆఫీసులో అందరికీ జాబు వెళ్ళింది. మొదటి వారంలో పదకొండు వచ్చాయట.